పది నిమిషాల్లో ఇల్లు సరే.. కోడుమూరు ఎండకు ఆగుతుందా? శరణార్థుల ‘రెడీమేడ్ ఇళ్ల’ అసలు కథ ఇదీ

ఈ వీడియో మీ ఫోన్‌లోకి ఎప్పుడో ఒకసారి వచ్చే ఉంటుంది. లారీ మీద నుంచి ఓ పెద్ద పెట్టె దిగుతుంది. నలుగురు మనుషులు నాలుగు వైపులా పట్టుకుని లాగుతారు. గోడలు విచ్చుకుంటాయి, పైకప్పు లేస్తుంది, కిటికీలు కూడా అందులోనే. పది నిమిషాలు తిరక్కుండానే ఇల్లు రెడీ. చూసిన ఎవరికైనా వచ్చే డౌట్ ఒకటే: వరదలొచ్చినప్పుడు మన దగ్గర ఇవి ఎందుకు పెట్టరు?

కర్నూలు జిల్లాలో ఈ ప్రశ్న ఊరికే అడిగేది కాదు. 2009 అక్టోబర్ 2న కర్నూలు నగరం నీళ్లలో మునిగింది. తుంగభద్ర పొంగింది, హంద్రీ పొంగింది. కింద శ్రీశైలం డ్యామ్ పూర్తి నీటిమట్టం 885 అడుగులైతే, ఆ రోజుల్లో అది 890 దాటి పైకి పోయింది. ఆ హంద్రీ కర్నూలుకు చేరేముందు కోడుమూరు ప్రాంతం మీదుగానే వస్తుంది. ఏడాదిలో చాలా నెలలు ఇసుక తప్ప నీళ్లు కనిపించని వాగులాంటి నది, ఆ వారం ఏం చేసిందో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. ఇళ్లు పోయినవాళ్లు బడుల్లో, కల్యాణ మండపాల్లో తలదాచుకున్నారు.

మరి అలాంటి రోజు మళ్లీ వస్తే? లారీల్లో ఇళ్లు దింపితే సరిపోతుందా? ప్రపంచమంతా శరణార్థుల కోసం ఈ ఇళ్లు కట్టి, కొన్నిచోట్ల నెగ్గి, కొన్నిచోట్ల బోర్లాపడిన అనుభవం ఉంది. అందులో మన దేశం వాటా కూడా తక్కువేం కాదు.

అసలేంటి ఈ ప్రీఫ్యాబ్, మాడ్యులర్?

సింపుల్‌గా చెప్పుకుందాం. ఇంటి గోడలు, కప్పు, తలుపులు లాంటి భాగాలను ముందే ఫ్యాక్టరీలో చేసి, స్థలం దగ్గరికి తెచ్చి నట్లు, బోల్టులతో బిగిస్తే అది ప్రీఫ్యాబ్. గదికి గదే ఫ్యాక్టరీలో తయారై, లారీ మీద వచ్చి, క్రేన్‌తో దించి ఒకదాని పక్కన ఒకటి పేర్చితే అది మాడ్యులర్. రోడ్డు పనుల దగ్గర ఇంజినీర్లు కూర్చునే పోర్టా క్యాబిన్ చూశారు కదా, దాని అన్నదమ్ములే ఇవన్నీ.

తేడా ఎక్కడొస్తుందంటే లారీ దగ్గర. విడి భాగాలుగా మడిచి పెట్టిన ఇళ్లయితే ఒక్క లారీలో డజన్ల కొద్దీ పడతాయి. గదిగా తయారై వచ్చేదైతే లారీకి ఒకటో రెండో. లోపలున్నదంతా ఖాళీ గాలే అయినా దానికీ డీజిల్ ఖర్చే. పైగా క్రేన్ కావాలి, క్రేన్ తిరిగేంత దారి కావాలి. వరదకు కోతపడిన ఊరి రోడ్డు మీద 40 అడుగుల ట్రైలర్ ఎలా పోతుందో ఆ రీల్స్‌లో చూపించరు.

స్వీడన్ పెట్టె.. నలుగురు మనుషులు, ఒక్క పూట

శరణార్థుల కోసమే ప్రత్యేకంగా డిజైన్ చేసిన వాటిలో బాగా పేరున్నది ‘బెటర్ షెల్టర్’. స్వీడన్‌లో పుట్టింది. ఐకియా ఫౌండేషన్ డబ్బు పెట్టింది, ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్ వెనక నిలబడింది. అవును, హైదరాబాద్ హైటెక్ సిటీలో మంచాలు, కుర్చీలు మడిచి అట్టపెట్టెల్లో అమ్మే ఆ ఐకియా తాలూకు ఫౌండేషనే. ఇల్లు కూడా అదే పద్ధతి. రెండు చదునైన పెట్టెల్లో వస్తుంది. స్టీలు ఫ్రేము, దానికి తగిలించే తేలికపాటి ఫోమ్ ప్యానెళ్లు, పైన చిన్న సోలార్ దీపం. నలుగురు మనుషులు ఒక్క పూటలో నిలబెట్టేయొచ్చు. మేస్త్రీ అక్కర్లేదు.

విస్తీర్ణం 17.5 చదరపు మీటర్లు, అంటే సుమారు 188 చదరపు అడుగులు. ఐదుగురికి ఒకటి. మనిషికి 3.5 చదరపు మీటర్లు అనేది సహాయ శిబిరాలకు ప్రపంచమంతా పాటించే కనీస కొలత. ఆ లెక్కకు కరెక్టుగా సరిపోయేలా చేశారు. ఆ ఐదుగురూ పడుకుంటే నేల నిండిపోతుంది. మన రాష్ట్రంలో టిడ్కో ఇళ్లలో అన్నిటికన్నా చిన్నది 300 చదరపు అడుగులు. దానికే ఇరుకని గొణుక్కుంటాం కదా, ఇది అందులో మూడింట రెండు వంతుల కన్నా తక్కువ.

అయినా టెంటుతో పోలిస్తే ఇది మేడే. టెంటు గుడ్డ ఎండకు, గాలికి ఏడాది తిరిగేసరికి చివికిపోతుంది. దీన్ని మూడేళ్లకు తక్కువ కాకుండా ఉండాలని డిజైన్ చేశారు. తలుపుకు గడియ ఉంటుంది. శిబిరంలో ఒంటరిగా ఉండే ఆడవాళ్లకు గోడకన్నా ముఖ్యమైనది ఆ గడియే. గుడ్డ టెంటును బ్లేడుతో కోసి లోపలికి రావచ్చు.

2016 సంవత్సరానికి ఈ ఇంటికి లండన్ డిజైన్ మ్యూజియం వాళ్ల ‘డిజైన్ ఆఫ్ ది ఇయర్’ అవార్డు వచ్చింది. అంతకు ముందే, 2015 చివర్లో, స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్ నగరం తాను తెచ్చుకున్న 62 ఇళ్లను పక్కన పెట్టేసింది. కారణం, మంట పెట్టి పరీక్షిస్తే ప్యానెళ్లు అంటుకున్నాయి. తర్వాత కంపెనీ డిజైన్ మార్చింది. ప్రీఫ్యాబ్ ప్యానెల్ మధ్యలో ఏముంది అన్నది ఎందుకు అడగాలో ఈ ఒక్క సంగతి చాలు.

మన దేశం 1948లోనే ట్రై చేసింది

ఇదేదో ఫారిన్ నుంచి నిన్నగాక మొన్న వచ్చిన ఐడియా అనుకుంటే పొరపాటు. దేశ విభజనతో లక్షల మంది పశ్చిమ పాకిస్థాన్ నుంచి ఢిల్లీ చేరారు. వాళ్లకు ఇళ్లెలా? నెహ్రూ ప్రభుత్వం 1948లో ఢిల్లీలోని జంగ్‌పురాలో ‘గవర్నమెంట్ హౌసింగ్ ఫ్యాక్టరీ’ మొదలుపెట్టింది. కార్లు తయారైనట్టు ఇళ్లు తయారవుతాయని ఆశ. దీని వెనకున్న మనిషి ఒట్టో కోనిగ్స్‌బర్గర్, జర్మనీ నుంచి వచ్చిన ఆర్కిటెక్టు. అంతకుముందు మైసూరు సంస్థానంలో పనిచేశారు, భువనేశ్వర్ నగరం ప్లాన్ కూడా ఆయనదే.

ఫ్యాక్టరీ నిలబడింది కానీ ఇళ్లు నిలబడలేదు. తేలికగా ఉండాలని చేసిన కాంక్రీటు ప్యానెళ్లు పగుళ్లిచ్చాయి. పార్లమెంటులో రచ్చ రచ్చ అయింది. 1951కల్లా ఇళ్ల పని ఆగిపోయింది, కోనిగ్స్‌బర్గర్ అదే ఏడాది దేశం వదిలి వెళ్లిపోయారు. ఫ్యాక్టరీ మాత్రం పేరు మార్చుకుని బతికింది. చివరికి 1978లో హిందుస్థాన్ ప్రీఫ్యాబ్ లిమిటెడ్ అయింది. శరణార్థుల ఇళ్ల కోసం పుట్టిన కంపెనీ ఆ తర్వాత కాంక్రీటు స్తంభాలు, రైలు స్లీపర్లు చేసుకుంటూ గడిపింది.

శరణార్థులు మాత్రం ఆగలేదు. ఇచ్చిన ప్లాట్లలో ఇటుక మీద ఇటుక పెట్టుకుంటూ వాళ్లే కట్టుకున్నారు. లజ్‌పత్ నగర్, రాజిందర్ నగర్ అని ఈరోజు కోట్లు పలికే ఢిల్లీ కాలనీలు అలా లేచినవే.

‘క్యాంపు’ అన్న పేరు పోదు

దాదాపు అదే రోజుల్లో కర్నూలు కూడా ఓ పెద్ద శిబిరమే. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయితే, ఆఫీసులకు బిల్డింగులు చాల్లేదు. గుడారాలు వేశారు. ఫైళ్లు గుడారాల్లోనే, ఉద్యోగుల కాపురాలు గుడారాల్లోనే. శరణార్థులేం కాదు, జీతాలొచ్చే గవర్నమెంటు మనుషులు. కానీ మద్రాసు వదిలి వచ్చినవాళ్లకు రాయలసీమ ఎండ గుడ్డ కింద ఎలా ఉంటుందో తెలిసొచ్చింది. మూడేళ్లకు రాజధాని హైదరాబాద్ పోయింది. గుడారాలు పోయాయి. ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు అన్న పేర్లు మాత్రం ఈరోజుకీ ఆటోవాళ్ల నోట్లో ఉన్నాయి.

విశాఖ కంచరపాలెం వైపు ‘బర్మా క్యాంపు’ ఉంది. 1960లలో బర్మాలో నె విన్ సైనిక ప్రభుత్వం వ్యాపారాలన్నీ జాతీయం చేశాక, తరాల నుంచి రంగూన్‌లో ఉంటున్న తెలుగువాళ్లు కట్టుబట్టలతో తిరిగొచ్చారు. వాళ్లకిచ్చిన చోటు అది. తెలంగాణలో కాగజ్‌నగర్ పక్కన ఈస్‌గాం వెళ్తే, తూర్పు పాకిస్థాన్ నుంచి వచ్చిన బెంగాలీల ఊళ్లున్నాయి. వాటినీ చుట్టుపక్కలవాళ్లు క్యాంపులనే అంటారు. మనవళ్లకు పెళ్లిళ్లయినా సరే క్యాంపే.

ఇక్కడే అసలు పాయింట్ ఉంది. తాత్కాలికం అని పెట్టినవి తాత్కాలికంగా ఉండవు. 1995లో జపాన్ కోబె భూకంపం తర్వాత 48 వేలకు పైగా రెడీమేడ్ ఇళ్లు పెట్టారు. రెండేళ్లకని పెట్టారు. ఆఖరి కుటుంబం ఖాళీ చేసేసరికి ఐదేళ్లు పట్టింది. జపాన్‌లోనే అంత పడితే మన దగ్గర సంగతి మీరే ఊహించుకోండి.

కోబె నుంచి ఇంకో చేదు సంగతి కూడా ఉంది. ముసలివాళ్లకు ముందు ఇవ్వాలన్న మంచి ఉద్దేశంతో లాటరీ తీసి ఇళ్లు కేటాయించారు. దాంతో వీధివీధే చెదిరిపోయింది. పక్కింట్లో ఎవరో తెలియదు. ఆ ఇళ్లలో 200 మందికి పైగా ఒంటరిగా చనిపోయారు. కొందరి సంగతి రోజుల తరబడి ఎవరికీ తెలియలేదు. గోడ బాగానే ఉంది, కప్పు కారలేదు. పలకరించే మనిషే లేడు.

రేకు ఇల్లు, మే నెల ఎండ

ఇప్పుడు కోడుమూరుకు వద్దాం. కర్నూలు జిల్లాలో మే వచ్చిందంటే 42, 43 డిగ్రీలు మామూలే. జోర్డాన్‌లోని అజ్రాక్ శరణార్థి శిబిరం కూడా ఇలాంటి ఎడారి ఎండలోనే ఉంది. 2014లో సిరియా నుంచి వచ్చినవాళ్ల కోసం తెరిచారు. వరసగా, గళ్ల నోట్‌బుక్‌లో గీసినట్టు తెల్ల రేకు ఇళ్లు. ఒక్కోటి 24 చదరపు మీటర్లు. ప్లానింగ్ చూస్తే ముచ్చటేస్తుంది. కానీ మొదటి మూడేళ్లు ఇళ్లకు కరెంటు లేదు. ఫ్యాన్ లేని రేకు డబ్బాలో మధ్యాహ్నం ఎలా ఉంటుందో రేకుల షెడ్డులో కిరాయికున్న ఎవరినైనా అడగండి. 2017 మేలో సోలార్ ప్లాంట్ పెట్టాకే అక్కడ ఫ్యాన్లు తిరిగాయి.

రేకు ఎందుకంత కాలుతుంది? పలచన కాబట్టి. ఎండ తగిలిన నిమిషాల్లో వేడెక్కి, ఆ వేడిని అలాగే లోపలికి వదులుతుంది. రాయలసీమ మట్టి మిద్దె దీనికి పూర్తిగా ఉల్టా. గోడ అడుగున్నర, రెండడుగుల మందం. పైన దూలాలు, దంతెలు, వాటి మీద పరిచిన చౌడు మట్టి. పొద్దున తగిలిన ఎండ ఆ మందం దాటి లోపలికి వచ్చేసరికి సాయంత్రం అవుతుంది. అప్పటికి బయట చల్లగాలి మొదలవుతుంది, మనుషులు మంచాలు ఆరుబయట వేసుకుంటారు. వేడిగాలి పోవడానికి, వెలుతురు రావడానికి కప్పులో గవాచి ఉండనే ఉంది. ఏ ఇంజినీరూ డ్రాయింగ్ గీయలేదు.

అలాగని మిద్దెను నెత్తిన పెట్టుకోవాల్సిన పని కూడా లేదు. అదే మట్టి గోడ మూడు రోజులు నీళ్లలో నానితే కూలుతుంది. వరదలో మొదట పోయేది మట్టి ఇళ్లే. స్టీలు ఫ్రేము అలా కరిగిపోదు. కాబట్టి పోటీ మట్టికీ రేకుకీ కాదు.

మధ్యేమార్గంగా ఇప్పుడు వస్తున్నవి శాండ్‌విచ్ ప్యానెళ్లు. రెండు పలచని రేకుల మధ్య వేడిని ఆపే పదార్థం నింపుతారు. చవకదైతే థర్మోకోల్. కాస్త మంచిదైతే పఫ్, అంటే కోల్డ్ స్టోరేజీ గోడల్లో వాడే ఫోమ్. ఇవి రెండూ వేడిని ఆపుతాయి. కానీ నిప్పు అంటుకుంటే నల్ల పొగతో కాలతాయి. రాక్‌వూల్ అని రాతిని కరిగించి తీసిన ఉన్ని లాంటిది ఇంకొకటుంది, అది మండదు. బరువు, ఖర్చు ఎక్కువ. టెండర్లో ఎప్పుడూ చవకదే గెలుస్తుంది కాబట్టి బయటి రంగు చూసి మోసపోకూడదు. వంద ఇళ్లు రెండేసి అడుగుల దూరంలో పెట్టి, ప్రతి ఇంట్లో గ్యాస్ పొయ్యో కట్టెల పొయ్యో వెలిగిస్తే ఆ ప్యానెల్ మధ్యలో ఏముందన్నది చావుబతుకుల సంగతి.

శ్రీలంక తమిళులు వద్దన్నారు.. ఎందుకు?

శ్రీలంకలో 2009లో యుద్ధం ముగిసింది. ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో లక్షల మందికి ఇళ్లు లేవు. 2015-16లో అక్కడి ప్రభుత్వం ఓ భారీ ప్లాన్ ముందుకు తెచ్చింది. ఆర్సెలర్ మిట్టల్ కంపెనీతో 65 వేల రెడీమేడ్ స్టీలు ఇళ్లు. ఒక్కోటి 21 లక్షల శ్రీలంక రూపాయలు. ఉచితంగా ఇస్తామంటే ఎవరైనా ఎగిరి గంతేస్తారనుకుంటాం. గంతేయలేదు సరికదా, తమిళ ఎంపీలు, ఇంజినీర్లు, స్థానిక సంఘాలు గట్టిగా ఎదురు తిరిగారు.

వాళ్ల వాదన వినదగ్గది. అదే డబ్బుతో రెండు ఇటుక ఇళ్లు లేస్తాయి. స్టీలు ఇల్లయితే డబ్బంతా కంపెనీకి పోతుంది. ఇటుక ఇల్లయితే ఊళ్లో మేస్త్రీకి, కూలీకి, ఇసుక బండివాడికి పోతుంది. సముద్రం పక్కన ఉప్పుగాలికి స్టీలు తుప్పు పడితే రిపేరు చేసేదెవరు? ఇంకో గది వేసుకోవాలంటే? కట్టెల పొయ్యి ఎక్కడ పెట్టాలి? యుద్ధంలో అన్నీ పోగొట్టుకున్నవాళ్లు బిడ్డకు ఇచ్చుకునే ఆస్తి ఇల్లే. మూడు తరాలు ఉంటుందన్న నమ్మకం కుదరాలి కదా. చివరికి ఆ 65 వేల ఇళ్ల ప్లాన్ అనుకున్నట్టు ముందుకు సాగలేదు.

దాని పక్కనే మన దేశం చేసిన పని చూడండి. భారత ప్రభుత్వం శ్రీలంకలో 50 వేల ఇళ్ల ప్రాజెక్టు చేపట్టింది. ఎక్కువ భాగం ఇళ్లకు పద్ధతి ఏంటంటే, కుటుంబానికి 5.5 లక్షల శ్రీలంక రూపాయలు విడతలుగా ఇస్తారు, కట్టుకునేది వాళ్లే. కొన్నిచోట్ల డబ్బు చాలక అప్పులు చేసినవాళ్లూ ఉన్నారు. కానీ ఇల్లు మాది కాదని మాత్రం ఎవరూ అనలేదు.

విచిత్రం ఏంటంటే, అదే మన దేశం మయన్మార్‌లో మాత్రం రెడీమేడ్ ఇళ్లే పెట్టింది. 2017లో రఖైన్ రాష్ట్రం నుంచి ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోయారు. వాళ్లు తిరిగొస్తే ఉండటానికని భారత్ అక్కడ 250 ప్రీఫ్యాబ్ ఇళ్లు కట్టి 2019 జులైలో మయన్మార్‌కు అప్పగించింది. ఒక్కోటి 40 చదరపు మీటర్లు, తుపానుకు తట్టుకునేలా. లెక్కేస్తే మన టిడ్కో పెద్ద సైజు ఇల్లంత, 430 చదరపు అడుగులు. సరిగ్గా వచ్చే నెల, 2019 ఆగస్టులో, శరణార్థులను వెనక్కి పంపడానికి బంగ్లాదేశ్ బస్సులు సిద్ధం చేసింది. ఎక్కడానికి ఎవరూ రాలేదు. పౌరసత్వం ఇస్తారా, ప్రాణానికి గ్యారంటీ ఏంటి అన్నది వాళ్ల ప్రశ్న.

అదే రోహింగ్యాలు కొన్ని వేల మంది హైదరాబాద్ పాతబస్తీ శివార్లలోని బాలాపూర్ చుట్టుపక్కల ఉంటున్నారు. ప్రైవేటు ప్లాట్లలో కిరాయి కట్టుకుంటూ ప్లైవుడ్ ముక్కలు, టార్పాలిన్లతో వేసుకున్న గుడిసెల్లో కాపురం. శరణార్థులపై 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందం మీద భారత్ సంతకం చేయలేదు. చట్టం దృష్టిలో వాళ్లు శరణార్థులే కాదు. ఇక వాళ్లకు ప్రీఫ్యాబ్ ఇల్లు ఏ ఖాతాలో ఇస్తారు?

మన దేశంలోనే ఇంకో తాజా ఉదాహరణ మణిపూర్. 2023 మేలో మొదలైన ఘర్షణల్లో 60 వేల మందికి పైగా ఇళ్లొదిలారు. అక్కడి ప్రభుత్వం మూడు, నాలుగు వేల ప్రీఫ్యాబ్ ఇళ్లు పెడతామని చెప్పి, అదే ఆగస్టుకల్లా ఇంఫాల్ దగ్గర సజివాలో మొదటి కుటుంబాలను చేర్చింది. మూడు నెలల్లో గోడలు లేచాయి. స్పీడు విషయంలో ప్రీఫ్యాబ్‌కు సాటి లేదని ఒప్పుకోవాల్సిందే. కాకపోతే ‘ఊరికి పోయేదెప్పుడు’ అన్న ప్రశ్నకు ఆ గోడల దగ్గర సమాధానం లేదు.

హంద్రీ మళ్లీ పొంగితే..

కోడుమూరులాంటి ఊరికి ఈ ఇళ్లు వస్తే మొదట ఎదురయ్యే సమస్య నేల. ఈ ప్రాంతంలో నల్లరేగడి ఎక్కువ. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి పట్టేంత బీటలిస్తుంది. తేలికపాటి ఇంటిని దాని మీద నేరుగా పెడితే రెండు వానలకే ఫ్రేము వంకర తిరిగి తలుపు బిగుసుకుపోతుంది. కింద మొరం పోసి గట్టి చేయాలి, లేదంటే చిన్న చిన్న కాంక్రీటు దిమ్మెల మీద ఎత్తులో నిలపాలి. పది నిమిషాల ఇంటికి పది రోజుల నేల పని ఉంటుందన్నమాట. గాలికి లేచిపోకుండా కట్టు కూడా వేయాలి.

రెండోది మగ్గం. కోడుమూరు చేనేత ఊరు. గుంత మగ్గం అంటే నేలలో గుంత తవ్వి, అందులో కాళ్లు పెట్టి కూర్చుని నేసేది. ప్యానెల్ ఫ్లోరు మీద గుంత ఎక్కడ తవ్వుతారు? 188 చదరపు అడుగుల్లో మగ్గం పెడితే మనుషులెక్కడ పడుకుంటారు? నేతన్నకు ఇల్లూ కార్ఖానా ఒకటే. ఇల్లిచ్చి మగ్గానికి చోటివ్వకపోతే నెత్తిమీద కప్పు దొరికి చేతిలో పని పోయినట్టు. పశువులున్నవాళ్లదీ ఇదే గోల. గేదెను దూరంగా కట్టేసి రేకు గదిలో నిద్రపోయే రైతు ఉండడు. ఇవేవీ తీర్చలేని సమస్యలు కావు. మగ్గాల కోసం ఊరుమ్మడిగా ఒక పెద్ద షెడ్డు, మట్టి నేలతో, వేసుకోవచ్చు. ఎవరో ఒకరు ముందే అడగాలి, అంతే.

జోర్డాన్‌లోనే జాతరీ అని ఇంకో పెద్ద శిబిరం ఉంది. 2012 జులైలో టెంట్లతో మొదలై తర్వాత క్యారవాన్లు, అంటే రేకు క్యాబిన్లు వచ్చాయి. అధికారులు వరసగా పెడితే, జనం వాటిని బండ్ల మీద లాక్కెళ్లి తమ బంధువుల పక్కన పెట్టుకున్నారు. మూడు క్యాబిన్లు తిప్పి మధ్యలో వాకిలి తీశారు. రేకు తీసి దుకాణం పెట్టారు. అది చూసి కొందరు అధికారులు తల పట్టుకున్నారు కానీ, శిబిరం ఊరుగా మారింది అలాగే. కోడుమూరులో కూడా జనం చేసేది అదే. వారం తిరక్కుండానే ముందు తడికె, పక్కన పొయ్యి, పైన వేపకొమ్మల పందిరి పడతాయి. అలా కలుపుకోవడానికి వీలుండే డిజైనా, మేకు కొడితే ఫోమ్ బయటికొచ్చే డిజైనా అన్నది ఆర్డర్ ఇచ్చేముందు చూసుకోవాల్సింది.

రిపేరు సంగతి సరేసరి. బండ పగిలితే బేతంచెర్ల నుంచి నాపరాయి వస్తుంది, గంటల ప్రయాణం. ప్యానెల్ పగిలితే అదే కొలత, అదే మందం ప్యానెల్ చేసిన కంపెనీనే పంపాలి. ఆ కంపెనీ అప్పటికి ఉండాలి కూడా.

వీటన్నిటికన్నా పెద్ద సమస్య స్థలం. ప్రీఫ్యాబ్ ఇల్లు గోదాములో మడిచి దాచుకోవచ్చు, స్థలాన్ని దాచుకోలేం. వరద వచ్చాక ఖాళీగా కనిపించే పోరంబోకు చాలాసార్లు వాగు ఒడ్డునో చెరువు లోపలో ఉంటుంది. అక్కడ ఇళ్లు పెడితే వచ్చే వరదకు ఇళ్లే పోతాయి. 2009 నీటి ఆనవాళ్ల కన్నా ఎత్తులో, రోడ్డు పక్కన, బోరు పడే చోట స్థలం ఏదన్నది వానలు లేని రోజుల్లోనే సర్వే నంబరుతో సహా తేల్చి పెట్టుకోవాలి. నీళ్లు, కరెంటు లైను, మరుగుదొడ్ల గుంతలు ముందే ఉంటే పైన టెంటు వేసినా, స్టీలు గది వేసినా, తర్వాత ఇటుక గోడ లేపినా పని ఆగదు. ఢిల్లీలో 1948లో ఫ్యాక్టరీ ఇల్లు ఫెయిలైనా శరణార్థులు నిలదొక్కుకుంది చేతిలో ప్లాటు ఉండబట్టే. పేరు మీద పట్టా లేకుండా తాళం మాత్రమే ఇస్తే, ఐదేళ్లకు రేకు తుప్పు పట్టాక చేతిలో మిగిలేది ఆ తాళమే.

అలా చూస్తే ఈ రెడీమేడ్ ఇంటికి మన దగ్గర న్యాయంగా దక్కే చోటు మొదటి ఆరు నెలలు, ఎక్కువలో ఎక్కువ ఏడాది. బడిలో తలదాచుకున్నవాళ్లు బడి ఖాళీ చేయాలి, పిల్లలకు పాఠాలు మొదలవ్వాలి. సొంత గోడ లేచేదాకా బాలింతకు, ముసలివాళ్లకు గడియ ఉన్న గది కావాలి. అంతవరకూ దీన్ని మించింది లేదు. ఆ తర్వాత ఇదే గదులను విప్పి అంగన్‌వాడీకో, మందుల స్టోరుకో వాడుకోవచ్చు. శాశ్వత ఇల్లని చెప్పి ఇదే చేతిలో పెడితే మాత్రం జనం అడగాల్సినవి చాలా ఉన్నాయి.

ఏటా వేసే శిబిరం ఇంకొకటి ఉంది

వరద ఎప్పుడో ఒకసారి. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఇల్లొదిలి పోవడం మాత్రం ఏటా ఉన్నదే. వానలు ముఖం చాటేస్తే కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి బయల్దేరతాయి. గుంటూరు వైపు మిరపకోతలకు, లేదంటే బెంగళూరు, హైదరాబాద్‌లో కట్టుబడి పనులకు. బియ్యం మూట, గిన్నెలు, ఒక టార్పాలిన్ పట్ట. చేలగట్టు మీద నాలుగు కర్రలు పాతి పట్ట కప్పితే అదే రెండు, మూడు నెలల కాపురం. తలుపు లేదు, గడియ లేదు, మరుగుదొడ్డి లేదు. వెంట బడి మానేసిన పిల్లలు.

వీళ్లను ఎవరూ శరణార్థులని అనరు. సరిహద్దు దాటలేదు, యుద్ధం లేదు. అందుకే ఏ అంతర్జాతీయ సంస్థ లెక్కలోనూ లేరు. నిజానికి మడిచి తీసుకెళ్లి, పని అయిపోయాక విప్పి లారీలో వేసుకునే ఇల్లు సరిగ్గా అక్కర్లోకి వచ్చేది ఇక్కడే. ఏ ఊరి చేలకు ఎన్ని కుటుంబాలు వస్తాయో మేస్త్రీలకు ముందే తెలుసు, ఎప్పుడు వస్తారో తెలుసు, ఎన్నాళ్లుంటారో తెలుసు. వరదలా చెప్పకుండా వచ్చేదేం కాదు. మిరపకోతలు జనవరి నుంచి ఊపందుకుంటాయి, సంక్రాంతి వెళ్లగానే ఊళ్లలో తాళాలు పడటం మొదలవుతుంది.